అమ్మకానికి కాని సబ్బులు

పెద్దకోడలిది కరెంటాఫీసులో ఫోన్లో ఫిర్యాదులు వినే ఉద్యోగం. పొద్దస్తమానం ఎవరెవరో తిడుతుంటే నెమ్మదిగా సర్దిచెప్పాలి. సెలవు రోజొస్తే మాత్రం చేతులకు తొడుగులు వేసుకుని, కొబ్బరినూనెలో కాస్టిక్ సోడా నీళ్లు కలిపి సబ్బులు చేసుకునేది. ఒకటి వంకరగా వచ్చేది, ఇంకొకటి బండగా వచ్చేది. ఇంటిల్లిపాదీ వాటితోనే స్నానం చేసేవారు.

ఒక ఆదివారం ఆమె సబ్బు కలుపుతుండగా మరిది ఎగిరి గంతేస్తూ వచ్చాడు.

"వదినా, నీ పంట పండింది! హోటలు వాళ్లకి రెండొందల సబ్బులు ఒప్పుకున్నాను. అన్నీ ఒకే సైజులో ఉండాలట."

"నన్నడిగావా?"

"మంచి పనేగా అని..."

"నేను చెయ్యను."

ఇల్లంతా ఒక్కటైంది. వచ్చిన అవకాశాన్ని కాలదన్నుకోవద్దని భర్త నచ్చజెప్పాడు. పిల్లాడి మాట పోతుందని అత్తగారు నొచ్చుకుంది. పెద్దకోడలు కలపడం ఆపలేదు.

"వారమంతా ఊరందరి నస వింటున్నాను అత్తయ్యా. ఇదెందుకిలా వచ్చిందని అడిగే నాథుడు లేడనే ఈ గిన్నె దగ్గర నిలబడతాను. ఇక్కడ కూడా ఇంకొకళ్లు సైజు చెబితే నాకంటూ ఏం మిగులుతుంది?"

మరిది మొహం మాడ్చుకుని, హోటలుకు తనే ఫోన్ చేసి కుదరదని చెప్పాడు. తర్వాత వారం రోజులు కొట్లో కొన్న సబ్బుతో స్నానం చేసి అలక చూపించాడు. ఆమె బతిమాలలేదు. పై ఆదివారం బొగ్గుపొడి కలిపి నల్లటి సబ్బులు చేసింది. చూసినవాళ్లంతా మొహం చిట్లించారు. ఆమెకు మాత్రం అవి తెగ నచ్చాయి.