సన్యాసి సణుగుడు, నా సణుగుడు

డెబ్బైల మొదట్లో బర్మింగ్‌హామ్‌లో ఒక ఇంటి మేడమీద అద్దెకుండేవాళ్ళం. మా ఆయన హాస్పిటల్లో డాక్టరు. డ్యూటీ దిగి వచ్చాక నాతో మాట్లాడితే డ్యూటీల రోటా మారిందనో, చారులో ఉప్పు తగ్గిందనో. ఆ తర్వాత టీ కప్పు పట్టుకుని కింద ఉండే ఇంటిగలావిడ దగ్గరికి దిగేవారు. కాసేపటికి ఆయన పగలబడి నవ్వడం మేడమీదికి వినిపించేది.

ఆవిడకి డెబ్బై దాటాయి. రిటైరైన టీచరు, మోకాళ్ళ నొప్పులు. అయితేనేం, నాకు ఒళ్ళు మండిపోయేది. లాటిన్‌లో ఉన్న ఒక పాత యాత్రా కథనాన్ని ఇంగ్లీషులోకి మారుస్తూ, ఏ రోజు రాసింది ఆ రోజు ఈయనకి చదివి వినిపించేది. రాసినవాడు ఎన్నో వందల ఏళ్ళ కిందటి క్రైస్తవ సన్యాసి. జెరూసలేం వెళ్తానని మొక్కుకున్నది వాళ్ళ మఠం పెద్ద. ఆయన మంచాన పడితే బదులుగా వీణ్ణి తోలారు. మహానుభావుడికి వెళ్ళడం సుతరామూ ఇష్టం లేదు. ఓడలో పడుకునే చోటు సుద్దముక్కతో గీసిచ్చారని, రొట్టెలో పురుగులున్నాయని, పక్కవాడు గురక పెడుతున్నాడని దారిపొడుగునా సణుగుడే. మా ఆయన అన్నం తింటూ అదంతా నాకు అప్పజెప్పి మళ్ళీ నవ్వుకునేవారు. ముసలావిడని చూసి, ఎప్పుడో మట్టిలో కలిసిన సన్యాసిని చూసి కుళ్ళుకునే గతి పట్టింది నాకు. సణగడంలో నేనేం తక్కువ తిన్నానని? ఒక్కసారి ఆయన నా మాటకి అలా నవ్వాలని ప్రాణం కొట్టుకునేది.

ఒక వేసవిలో, ఆ సన్యాసి బయల్దేరేముందు దణ్ణం పెట్టుకున్న కాంటర్‌బరీ చర్చి చూడాలని ఆవిడకి కోరిక పుట్టింది.

"ఆదివారం ఆఫ్ ఉంది, కార్లో తీసుకెళ్తానన్నాను. నువ్వూ రా" అన్నారు.

"నాకెందుకండీ చర్చీలు" అన్నాను. అన్నానే గానీ, వాళ్ళిద్దర్నీ పంపించి ఇంట్లో కూర్చుంటానా? పులిహోర కలిపి డబ్బాకెత్తాను.

మోకాళ్ళ పేరు చెప్పి ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. అది నా సీటు. నన్ను వెనక గొడుగుల పక్కన పడేశారు. దారంతా వాన. కాంటర్‌బరీ చేరేసరికి కుండపోత. దిగే వీల్లేక కార్లోనే డబ్బాలు తీశాం. పులిహోర చల్లబడి గట్టిపడిపోయింది.

"దేవుడికి నామీద అంత పగుంటే ఇంటికే వచ్చి తీర్చుకోవచ్చుగా. ఇంత దూరం రప్పించడం దేనికి?" అన్నాను తెలుగులో, ఎవరితోనూ కానట్టు.

ఏమంటోందని ఆవిడ అడిగింది. ఈయన మొహం ముడుచుకుని ఇంగ్లీషులో చెప్పారు. ఆవిడ శాండ్‌విచ్ పక్కన పెట్టేసింది. "అచ్చం మా సన్యాసి మాటే. ఓడ దిగగానే ఇలాగే అన్నాడు" అని, గొంతు మార్చి, మూలుగుతూ నా మాటనే ఇంగ్లీషులో అంది. మా ఆయన స్టీరింగ్ మీద వాలిపోయి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

ఆ మాట నాది. ఈ దేశం వచ్చిన ఏడాది, మంచులో బస్సు కోసం నిలబడి ఈయనతో ఇదే అన్నాను. అప్పుడు "గ్లవ్స్ వేసుకో" అన్నారు. ఇవాళ అదే మాట ముందు సీట్లోంచి వస్తే నవ్వాగడం లేదు. పులిహోర డబ్బాకి మూత పెట్టేశాను.

ఇంటికొచ్చాక ఆవిడ నా చెయ్యి నొక్కి థాంక్స్ చెప్పి లోపలికి వెళ్ళింది. ఇద్దరమే మిగిలాం. మెట్లెక్కుతూ ఆ మాటే మళ్ళీ తెలుగులో, ఈసారి ఆవిడలాగే మూలుగుతూ అన్నాను. నవ్వుతారేమోనని వెనక్కి తిరిగి చూశాను.

"కాళ్ళు తుడుచుకో, కార్పెట్ తడుస్తోంది" అన్నారు.