నా వేలికి అన్నయ్య కెంపు

రత్నమంటే రాయి అనుకునేవాళ్లతో నాకు ఓపిక తక్కువ. విజయనగరంలో మా వీధి రామమందిరంలో శనివారం సాయంత్రాలు భాగవతం చదివి అర్థం చెబుతుంటాను. పాలసముద్రం చిలికిన ఘట్టం వచ్చిన ప్రతిసారీ ఈ మాట ఎత్తుతాను. అందులోంచి పుట్టిన రత్నాల్లో రాయి కౌస్తుభం ఒక్కటే. మిగిలినవి ఆవు, గుర్రం, ఏనుగు, చెట్టు, చంద్రుడు... చివరికి అమృతం పట్టుకుని వచ్చిన వైద్యుడు ధన్వంతరి. ఏ జాతిలో ఏది మేలైనదో అదే రత్నం. మా అమ్మ అన్నయ్యను 'నా రతనం' అన్నది ఆ అర్థంలోనే. నాన్న 'నీ పుత్రరత్నం ఎక్కడే?' అని అమ్మను అడిగాడంటే మాత్రం ఆ రోజు అన్నయ్య వీపు విమానం మోతే.

ఆ రతనానికి ఉన్నది ఒక్క కన్ను. ఎడమది చిన్నప్పుడే బిళ్లంగోడు ఆటలో పోయింది. ఆ ఒక్కదానితోనే గరివిడిలో మోటారు వైండింగ్ షాపు నడుపుకొచ్చాడు. ఈమధ్య రాగితీగ కనబడక చుట్లను వేలితో తడిమి చూసుకుంటున్నాడు. శుక్లం బాగా ముదిరిందనీ, ఇంకా ఆలస్యమైతే లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుందనీ, అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరనీ డాక్టరు చెప్పాడు.

అన్నయ్య ఆ మాట విని జ్యోతిష్కుడి దగ్గరికి వెళ్లాడు. కుడిచేతి ఉంగరపు వేలికి కెంపుతో తిరిగొచ్చాడు. రాయి చర్మానికి తగలాలని ఉంగరం అడుగున రంధ్రం. ఆదివారం సూర్యోదయానికి పచ్చిపాలతో కడిగి పెట్టుకోవాలి. ఒకసారి పెట్టుకున్నాక క్షణం కూడా తీయకూడదు, తీస్తే ఫలితమంతా పోతుంది.

కెంపు సూర్యుడి రాయనీ, సూర్యుడు కంటికి అధిపతి అనీ నాకొకరు చెప్పక్కర్లేదు. రోజూ ఆయనకు అర్ఘ్యం ఇచ్చేదాన్నే నేను. అన్నయ్య కన్ను కోసం అరసవల్లి వెళ్లి మొక్కుకున్నాను కూడా. స్వామిని నమ్మడం వేరు, ఆయన చేయాల్సిన పనిని వేలికి తొడుక్కోవడం వేరు. ఈ ముక్క మందిరంలో అందరికీ చెప్పగలిగాను గానీ ఇంట్లో చెప్పలేకపోయాను.

బతిమాలి, తిట్టి, ఎలాగో ఆపరేషన్‌కి ఒప్పించాం. ఆ ఉదయం కంట్లో చుక్కలు వేసి, ఆకుపచ్చ గౌను తొడిగాక, నర్సు ఉంగరం తీసేయమంది. అన్నయ్య మంచం దిగి నడవాలోకి వచ్చేశాడు. వదినా నేనూ పరుగెత్తాం.

"తీసీమంటాదేటే ఆ పిల్ల! కన్ను బాగుసేసీది తీసీసి కన్ను కోయించుకోమంటాదేటి?"

"అన్నియ్యా, రత్నమంటే రాయే కాదు. ధన్వంతరీ రత్నమే. లోపల నీకోసం వైద్యుడు కూకున్నాడు. ఆ రత్నాన్ని వదిలీసి..."

"అలాగైతే కౌస్తుభం ఏటే? దేవుడు ధన్వంతరిని పక్కనెట్టుకుని, రాయినెందుకు గుండెకి తగిలించుకున్నాడు? సెప్పు. శాస్త్రం సదివినదానివి కదా."

ఇన్నేళ్ల పారాయణంలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. దానికి జవాబు ఉంది. భగవంతుడి మెడలో ఉన్నది మందు కాదని చెప్పొచ్చు. కానీ వెనక నర్సు గడియారం చూసుకుంటోంది. ఇవాళ తప్పితే మళ్లీ ఎప్పటికి ఒప్పుకుంటాడో తెలియదు. అప్పటికి ఆ నరం ఉంటుందో లేదో.

చివరికి అన్నయ్యే దిగొచ్చాడు. "సరే. మనది ఒకే రక్తం. నేను తీసిన ఎంటనే నువ్వు పెట్టుకో. నీ ఒంటి మీదున్నా నా మీదున్నట్టే."

వదిన మూతి విరిచింది. "ఇన్నేళ్లు వండిపెట్టినదాన్ని, నేను ఏరే రక్తమైపోనాను సూడు!"

"నీకు నప్పదే. నీకు అసలే కోపం, కెంపు పడితే ఇంకేటైనా ఉన్నాదా?"

నర్సు నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. రాళ్లు వద్దని ఊరందరికీ చెప్పేదాన్ని, చెయ్యి చాపాను. అన్నయ్య తడుముకుంటూ ఉంగరం నా వేలికి తొడిగాడు. కణుపు దగ్గర పట్టేసింది, నెట్టాడు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ బయట కుర్చీలో ఆదిత్యహృదయం చదువుకుంటూ, ఆ చేతిని కొంగుకింద దాచుకున్నాను.

మర్నాడు కట్టు విప్పారు. అన్నయ్య కన్ను చికిలించి మొదట చూసింది నా ముఖం కాదు, నా వేలు.

"ఇంత ఎర్రగుంటాదేటే ఇది!" అన్నాడు. కొన్ననాటి నుంచీ అది గోధుమరంగనే అనుకున్నాడట.

నాకు కళ్లు నిండాయి. స్వామీ అనబోయాను. అంతలోనే అన్నయ్య వదిన వైపు తిరిగి, "సూసేవా? రాయి పనిసేసింది" అన్నాడు. నేను ఉంగరం లాగి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇప్పుడు కాదే! ఆదివారం పొద్దున్న పాలతో కడిగి పెట్టుకోవాల. అందాకా నీ యేలికే ఉండనీ. తీసేవా, మళ్లీ నా కన్ను!"

తీయలేకపోయాను. ఆ కంటికేమైనా అయితే నేనే తీశానంటాడు. అంతకంటే, ఏమో, నాకే భయం వేసింది. ఆ భయం మీదే నాకు ఎక్కువ కోపం.

ఆదివారానికి ముందు శనివారం ఉంది. మందిరంలో పుస్తకం విప్పి పుట తిప్పాను. ముందు వరసలో కూర్చునే పెద్దావిడ నా చెయ్యి చూసి పక్కావిడని మోచేత్తో పొడిచింది.

"ఏటమ్మా, మీరూ ఎట్టుకున్నారేటి?"

"మా అన్నయ్యది" అన్నాను.

"బాగున్నాది. పనిసేస్తాదా?"

"చదువుదాం" అని చదవడం మొదలుపెట్టాను.