స్టాంపక్క కామెంట్లకు నంబర్లు వేసింది

నగరపాలక కార్యాలయంలో మెట్లెక్కగానే ఎడమచేతి వైపు ఒక కిటికీ, కిటికీ వెనక ఒక బల్ల, బల్ల వెనక ఇరవై ఆరేళ్లుగా ఒకే మనిషి. బయటినుంచి ఏ కాగితం వచ్చినా ముందు ఆమె చేతిలో పడాలి. ఆమె దానిమీద తేదీ ముద్ర కొట్టి, నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి, ఏ సెక్షనుకు పోవాల్సింది ఆ సెక్షనుకు పంపుతుంది. అంతే పని. ఇందులో గొప్పేముందని అడిగితే ఏమీ లేదు. కాకపోతే ఆమె ముద్ర పడనిదే ఆ ఆఫీసుకు ఏ కాగితమూ వచ్చినట్టు కాదు. పడ్డాక దాన్ని మాయం చేయడం ఎవరి తరమూ కాదు. రిజిస్టరులో చివరి గడి పేరు ‘ఏమైంది’. ఆ గడి ఖాళీగా ఉన్నన్నాళ్లూ ఆమె ఆ సెక్షను గుమ్మంలోకి వెళ్లి నిలబడుతుంది. కోప్పడదు, గొంతు పెంచదు, ఊరికే నిలబడుతుంది. ఇంతకంటే తిట్టినా బాగుండును అనుకుంటూ ఎవరైనా జవాబు రాసిచ్చేస్తారు. ఆఫీసంతా ఆమెను స్టాంపక్క అంటారు, ఆమెకంటే పెద్దవాళ్లతో సహా.

ఇంటి దగ్గర ఆమెకు ఒక్క చెల్లెలు. సైకిలు షాపు మీద రెండు గదుల్లో ఇద్దరే ఉంటారు. చెల్లెలు పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. ఆరింటికి డ్యూటీ. అయిదూ ఇరవైకి మొదటి బస్సు పట్టుకుంటే అయిదూ యాభైకి ఆసుపత్రి గేటు దగ్గర దిగుతుంది. నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్లలేదు. ఆ మాట వారానికోసారైనా అక్కకు చెప్పకపోతే ఆమెకు తోచదు.

ఆ ఏడు ఎండాకాలంలో ఆఫీసువాళ్లు బస్సులకు కొత్త విధానం ఒకటి తయారు చేశారు. దాని ముసాయిదాను ఎప్పటిలా నోటీసు బోర్డుకు అంటించి చేతులు దులుపుకోకుండా, ఈసారి ఫోనుల్లో జనం చూసే ఆఫీసు పేజీలో పెట్టారు. ఆలోచన ప్రచార అధికారిది. చొక్కా మడత నలగనివ్వని మనిషి. ‘మీ నగరం, మీ బస్సు, మీ మాట’ అని రంగుల బొమ్మ ఒకటి వేయించాడు. కింద చిన్న అక్షరాల్లో, నెలరోజుల్లోగా అభ్యంతరాలు ఇక్కడే తెలపవచ్చు, అందిన ప్రతి అభ్యంతరమూ పరిశీలించబడును అని రాయించాడు. ముసాయిదా చివర్లో ఎక్కడో, ఎక్కేవాళ్లు తక్కువ కనక మొదటి బస్సు ఇకమీదట ఆరున్నరకు అని ఒక ముక్క ఉంది.

కుట్టుపని వీడియోలు చూస్తున్న చెల్లెలికి ఆ ముక్క కంటపడింది. ఆరింటికి రానివాళ్ల చోటు ఇంకొకరికిచ్చేస్తారని లాండ్రీలో అందరికీ తెలుసు. నడిచి వెళ్లాలంటే గంటన్నర దారి. వెంటనే తన గోడంతా కామెంటులో రాసింది. రెండు క్షణాల్లో జవాబొచ్చింది: మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలు. ఎగిరి గంతేసి అక్కకు చూపించింది. తీరా కిందికి జరిపి చూస్తే, ప్రచార అధికారిని ఏడు తరాల వెనక్కి వెళ్లి మరీ తిట్టినాయనకు కూడా అదే జవాబు, పొల్లు పోకుండా.

“నువ్వక్కడే కూర్చుంటావు కదక్కా. ఎవరో ఒకరి చెవిన వేయొచ్చుగా?”

“ఉద్యోగిని, నేను అర్జీ పెట్టకూడదే. నోటిమాటగా చెబితే దానికి అక్కడ నంబరుండదు.”

“మా కామెంట్లకు మాత్రం ఉందేమిటి నంబరు?”

స్టాంపక్క కలుపుతున్న కూరలో గరిటె ఆగిపోయింది. కూర కాస్త అడుగంటింది కూడా. ఆ పూట ఇద్దరూ మాడువాసనతోనే తిన్నారు.

మర్నాడు ఆమె ప్రచార అధికారి గదిలోకి వెళ్లి, పేజీలో వచ్చిన అభ్యంతరాలు ఇంకా తన బల్ల మీదికి రాలేదని చెప్పింది. ఆయన నవ్వి, అవి కామెంట్లని, వాటిని లెక్కపెడతారే తప్ప నంబర్లు వేయరని వివరించాడు. ఆమె ఆయన వేయించిన రంగుల బొమ్మే తీసి ఆయన ముందు పెట్టింది.

“అందిన ప్రతి అభ్యంతరమూ అని మీరే రాయించారు కదండీ. ఈ ఆఫీసులో అందడమంటే నా దగ్గర ముద్ర పడటమే.”

ఆయన తల గోక్కున్నాడు. ఈవిడ వచ్చి గుమ్మంలో నిలబడితే తట్టుకోవడం తనవల్ల కాదని ఆయనకూ తెలుసు. రెండు రోజుల్లో తనే విసుగెత్తి మానుకుంటుందిలెమ్మని పేజీ తాళం, అంటే పాస్‌వర్డు, ఆమె చేతిలో పెట్టేశాడు. ఇరవై ఆరేళ్లలో విసుగెత్తని మనిషికి రెండు రోజుల్లో ఎలా ఎత్తుతుందని ఆలోచించలేదు.

స్టాంపక్క ఒక్కో కామెంటునూ ఒక్కో అరకాగితం మీద అచ్చుతీసి ముద్ర కొట్టింది. బస్సు ఉండాలన్నవాళ్లకూ, తెల్లారకుండా ఖాళీ బస్సు తిప్పడం దండగ అన్నవాళ్లకూ ఒకటే సిరా. పాత ఫ్రిజ్ అమ్ముతాను, చల్లదనం గ్యారంటీ అని ఎవడో అక్కడ ప్రకటన పెట్టుకుంటే దాన్నీ వదల్లేదు. స్టోర్సు సెక్షనుకు పంపింది. ప్రస్తుతం అవసరం లేదని వాళ్లు జవాబు రాశారు. ఏడు తరాల తిట్లకు ‘విషయం: ప్రచార అధికారి వంశం’ అని రాసి, తగు చర్య నిమిత్తం ప్రచార అధికారికే పంపింది. ఆయన ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడట.

ఆ ధన్యవాదాల జవాబు ఆపించి, ప్రతి కామెంటు కిందా ఆమె ఒకటే రాసింది: మీ అర్జీ అందినది, నంబరు ఫలానా. ఇక చూడాలి. తమ మాటకు నంబరు పడిందంటే జనానికి అదో సంబరం. బేకరీలో రొట్టెలు కాల్చేవాళ్లు రాశారు. పేపర్లు వేసేవాళ్లు రాశారు. లాండ్రీలో నీదెంత, నాది నాలుగొందల పది అని ఒకరినొకరు దెప్పుకోవడం మొదలైంది. అప్పటిదాకా ఫోనులో ఒక్క అక్షరం కొట్టని ఇస్త్రీ పెద్దమ్మ, నంబరు కోసమే చెల్లెలి పక్కన కూర్చుని గంటసేపు రాసింది. ఏం రాసిందీ అంటే, బస్సు కావాలి అని. రెండే మాటలు.

ఆరొందల చిల్లర దగ్గర స్టాంపక్కకు చిక్కొచ్చిపడింది. ఒకడు మాటలేమీ రాయలేదు. పళ్లన్నీ బయటపెట్టి నవ్వే పసుపు బొమ్మ ఒకటి పెట్టాడు. దాన్ని అభ్యంతరమనాలా, ఆమోదమనాలా? సొంత బుద్ధికి పోయే మనిషి కాదు. కమిషనరు గారికి నోటు పెట్టింది: ‘మాటలు లేవు. నవ్వు మాత్రమే కలదు. ఏ పద్దు కింద చేర్చవలెనో ఆదేశాలు కోరడమైనది.’

కమిషనరు రెండు నెలల కిందటే బదిలీ మీద వచ్చినావిడ. ఆ నోటు చదివి తన గదిలో ఒక్కతే నవ్వుకుని, ఇది రాసినదెవరో చూద్దామని కిందికి దిగి కిటికీ దగ్గరికే వచ్చింది. బల్ల పక్కన మోకాలెత్తు కట్టలు కనిపించాయి. నిలబడే ఒకటి చదివింది, ఇంకొకటి చదివింది, స్టూలు లాక్కుని కూర్చుంది. గంట తర్వాత ప్రచార అధికారిని పిలిపించింది. పేజీకి పదివేల లైకులొచ్చాయని, జనం విధానాన్ని మెచ్చుకున్నారని ఆయన ఉత్సాహంగా చెప్పాడు.

“ఇవి చదివారా?” అంది కమిషనరు.

“లెక్కపెట్టాం మేడమ్.”

“చదివారా అని అడిగాను.”

ఆయన చొక్కా అంచు సరిచేసుకున్నాడు. అందరూ ఎదురుచూస్తున్న ఆదేశం మాత్రం వెళ్తూ వెళ్తూ ఇచ్చింది: మాటలు లేని నవ్వును అభ్యంతరం కిందే రాయమని.

గడువు చివరి రోజు సాయంత్రం కమిషనరు పేజీలో లైవులో కూర్చుంది. జనం అప్పటికప్పుడు రాస్తుంటే చదివి వినిపించడానికి స్టాంపక్కను పక్కన కూర్చోబెట్టుకుంది. స్టాంపక్క కొత్త చీర కట్టుకుని, బిగుసుకుపోయి, రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. ముందు ఆ దండగ వాదన చదివింది. తర్వాత బేకరీవాళ్లది. ఆ తర్వాత తెర మీద పైకొచ్చిన పేరు చూసి ఆమె రిజిస్టరు మూసి మళ్లీ తెరిచింది. ఒక్క గుక్క నీళ్లు తాగి, మిగతావన్నీ ఎలా చదివిందో దాన్నీ అలాగే చదివింది.

“నంబరు పన్నెండు వందల తొంభై. ఆరింటికి మేము దుప్పట్లు మడత పెట్టకపోతే ఏడింటికి రోగుల పక్కల మీద దుప్పట్లుండవు. బస్సులో ముప్పైమందిమే ఉంటాం, నిజమే. ఆ ముప్పైమందీ దిగి పని మొదలుపెట్టాకే మిగతా ఊరు లేస్తుంది.”

ఇది రాసిందెవరని కమిషనరు అడిగింది.

“మా చెల్లెలండీ,” అంది స్టాంపక్క. “దాచకూడదు కనక చెబుతున్నాను. చదవడంలో తేడా ఏమీ చేయలేదు.”

ఊరంతా వింటోంది. కమిషనరు పగలబడి నవ్వింది. తెర మీద కామెంట్లు ఎంత జోరుగా పడ్డాయంటే స్టాంపక్క కాసేపు ఆపండి, నంబర్లు తప్పిపోతున్నాయి అని కెమెరాను బతిమాలుకుంది. ఇంటికెళ్లాక చెల్లెలు మెచ్చుకుంటుందేమో అనుకుంటే, మరీ కరెంటు బిల్లు చదివినట్టు చదివావేమిటక్కా అని దెప్పింది. దెప్పుతూనే వచ్చి మెడ చుట్టూ చేతులేసింది.

పది రోజులకు విధానం ఖాయమైంది. మొదటి బస్సు అయిదూ ఇరవైకే. మధ్యాహ్నం వట్టిగా తిరిగే రెండు బస్సులు తగ్గించారు. ఆ సలహా కూడా కామెంట్లలోదే, ఏడొందల అరవై. పద్నాలుగు వందల పన్నెండు గడుల్లోనూ ఏమైందో రాసేసరికి స్టాంపక్క చూపుడువేలు వాచింది.

కొత్త విధానం మొదలైన సోమవారం ఆమె కూడా చెల్లెలితో పాటు ఆ బస్సెక్కింది. ఎందుకని చెల్లెలు అడిగితే, ఏమో, చూద్దామని అంది. ఇస్త్రీ పెద్దమ్మ తన కిటికీ సీటిచ్చేసింది. లాండ్రీ ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నంబర్లు అప్పజెప్పారు. రొట్టెలబ్బాయిలు వెనకనుంచి కేక వేసి పలకరించారు. వెలుతురు అప్పుడప్పుడే షాపుల తలుపుల మీద పడుతోంది. ఇరవై ఆరేళ్లుగా ఊరు మొత్తం కాగితాల మీద తెలిసిన ఆమెకు ఆ వేళప్పుడు ఊరెలా ఉంటుందో తెలియదు.

అయిదూ యాభైకి ఆసుపత్రి గేటు వచ్చింది. చెల్లెలు డ్యూటీ హడావుడిలో వెళ్తున్నానని చెప్పడం కూడా మరిచిపోయి, మిగతావాళ్లతో కలిసి పరుగుపరుగున లోపలికి పోయింది. తెల్ల దుప్పట్ల బండి ఒకటి వాళ్లకు ఎదురొచ్చింది. స్టాంపక్క బస్సులోంచి అదంతా చూస్తూ ఉండిపోయింది.

ఎక్కడ దిగాలమ్మా అని కండక్టరు అడిగాడు.

“ఎటు తిప్పినా సరే నాయనా,” అంది స్టాంపక్క, సీట్లో ఇంకాస్త వెనక్కి జరిగి. “నా ఆఫీసు పదింటికి.”