బారెడు పురుగు

ఉద్యోగం కొత్తలో మనిషికి తెలియనిదంటూ ఉండదు. ఆ రోజుల్లో, అంటే అరవయ్యేడో ఎనిమిదో, నా సంగతీ అంతే. రాజాం దగ్గర ఒక పల్లెలో గ్రామసేవికని. ధాన్యంలో, పప్పుల్లో పురుగు చేరకుండా ఏం చెయ్యాలో ఆడవాళ్లకి చెప్పడం నా పనుల్లో ఒకటి. (విజయనగరంలో మా ఇంట్లో బియ్యం ఏరేది మా అమ్మ. నేను పక్కన కూచుని కబుర్లు చెప్పేదాన్ని.) వానలు పట్టిన రోజులు. ఒక పొద్దున్న ఊరి చివరింటి మామ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"అమ్మీ, మా గాదిలో పురుగు సేరినాది. సంపకూడదు, కోడలు కడుపుతో ఉన్నాది. పానంతో బయటికంపాల. నీకేటైనా దారి తెలుసేటి?"

పురుగుని చంపకూడదా! నవ్వొచ్చింది గానీ ఆవిడ మొహం చూసి మింగేశాను. ఆ కోడలికి అంతకు ముందు రెండుసార్లు కడుపు పోయింది. ఈసారి బిడ్డ దక్కేదాకా ఇంట్లో ఏ ప్రాణీ పోకూడదని మామ్మ పట్టు. కొడుకు కర్ర తీస్తే లాక్కుని దాచేసిందట. (పురుగుకి కర్రెందుకని నాకు అనుమానం రావాలి. రాలేదు.)

వాళ్లింటికెళ్లి, నోటుబుక్కు చంకలో పెట్టుకుని, "ఒకటే అనుకుంటున్నారేమో మామ్మా, ఈపాటికి గుడ్లు పెట్టేసి వందల్లో ఉంటాయి" అన్నాను. గుమ్మంలో నుంచున్న కోడలు గోడ పట్టుకుని కూలబడింది.

"ఓలమ్మో! మరేటి సేత్తావు?"

"ఏముంది, చేత్తో తీసి చాటలో వేసి ఎండలో పెడతాను."

"సేత్తోనే?"

"మరి కాలితో తీస్తారా?"

మామ్మ నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేసింది. పెద్దవాళ్లు దండం పెడితే ఆయుక్షీణం అంటారు. నాకు ఆ పూటతోనే తీరిపోయేది.

గాది ఉన్న గది పట్టపగలే చీకటి. నడుమెత్తు గోడ వెనక వడ్లు. ఇంట్లో తిరిగే కోళ్లు కూడా ఆ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయి. చెంగు బొడ్లో దోపుకుని మోచెయ్యిదాకా వడ్లలో పెట్టాను. వెచ్చగా ఉన్నాయి. ఒకచోట మాత్రం చల్లగా తగిలింది. తడిసిన ధాన్యం కాబోలని నొక్కాను. అది మెల్లగా జరిగింది. సరసరమని వడ్లు వాటంతట అవే కుంగి, నా చేతి పక్కనుంచి మూలకి చాలు పడుతూ పోయింది. పోతూనే ఉంది, ఎంతకీ అవలేదు.

"మామ్మా, మీ పురుగు ఎంత పొడుగు?" అన్నాను.

"బారుంటాది. నాగుపాము. పేరెత్తకూడదని పురుగంటాం." తర్వాత గొంతు తగ్గించి, "కదలకు" అంది.

కదలమన్నా కదల్లేను. మామ్మ ఒక నల్లకుండ తెచ్చి, లోపల గడ్డి వేసి, మూతి మూలవైపుకి పెట్టి వడ్లమీద పడుకోబెట్టింది. కొడుకు చేత పైన నాలుగు పెంకులు తీయించింది. "ఎలుగంటే దానికి సిరాకు, సీకటున్న కాడికే ఎలిపోద్ది. మా అత్త ఇలాగే పట్టీది. నాకెప్పుడూ దైర్నం సాల్లేదు. నీ దైర్నం సూసి ఇయాల వొచ్చినాది" అంది. నా ధైర్యమట! వడ్లలో పెట్టిన చెయ్యి నేనింకా బయటికి తీసుకోనేలేదు.

వడ్లు చీలి తల లేచింది. పడగ విప్పి మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది, గుమ్మంలో ఉన్న కోడల్ని ఎక్కువసేపు చూసిందని నాకు ఇప్పటికీ అనుమానం. ఆ పిల్ల రెండు చేతులూ పొట్టకి అడ్డం పెట్టుకుంది. మామ్మ చేతులు జోడించి, "తప్పుకో తల్లీ, మాయింటికి బిడ్డొస్తాది, సోటియ్యి" అంది. పడగ దిగింది. మూర వెంట మూర కుండలోకి పోయింది. మామ్మ తడిగుడ్డ కప్పి తాడు బిగించింది.

ఊరవతల మెట్టమీద వదిలిపెట్టాం. ఖాళీ కుండ మోసుకొచ్చింది నేనే. దారంతా లోపల ఏదో కదులుతున్నట్టే ఉంది. నోటుబుక్కులో "పురుగు, ఒకటి, ప్రాణంతో పంపడమైనది" అని రాస్తే పై ఆఫీసరు ఎర్రసిరాతో "ఒకటేనా?" అని అడిగాడు. దసరాలకి కోడలికి ఆడపిల్ల పుట్టింది. మామ్మ ఊరంతా తిరిగి నా చేతిచలవ అని చెప్పింది. నేను కాదనలేదు. ఇరవై రెండేళ్ల మనిషికి అంత నిజాయితీ ఎక్కడిది!

ఇప్పుడు బియ్యం నేనే ఏరుకుంటున్నాను. డబ్బాలో చెయ్యి పెట్టే ముందు మూతమీద రెండుసార్లు కొట్టి, "తప్పుకో తల్లీ" అంటాను. ఒక్కటంటే ఒక్క బియ్యపు పురుగు కూడా తప్పుకున్న పాపాన పోలేదు.