మా హాల్లో నాచు పంట

మొన్న ఆదివారం మా పై అధికారి ఏడీఏ సారు, ఆయన వెంట నలుగురు రైతులు కామారెడ్డిలో మా ఇంటికొచ్చారు. హాల్లో నేను పండించిన పంట చూడాలట. పంటేమో అప్పటికే లేదు. నేనే నా చేతులతో చంపేశాను. ఎందుకు పండించానో, ఎందుకు చంపానో మొదట్నుంచి చెప్తేగానీ అర్థం కాదు. టీ తాగుతూ వినండి.

నేను ఏఈవోని, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని. డ్యూటీ ఎల్లారెడ్డిలో, ఇల్లు కామారెడ్డిలో. పొద్దంతా వరి, మక్క, యూరియా అంటూ తిరిగి ఇంటికొచ్చాక కళ్లకు ఇంకేదైనా కావాలనిపించేది. హైదరాబాద్‌లో ఒక షాపులో ఉప్పునీళ్ల అక్వేరియం చూశాను. లోపల పగడాలు, వాటి మధ్య నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు క్లౌన్ చేపలు ఒకదాని వెంట ఒకటి తిరుగుతున్నాయి. అంతే, పడిపోయాను. కామారెడ్డికి సముద్రం ఎంత దూరమో కూడా ఆలోచించలేదు. ట్యాంకు, రాళ్లు, పంపు, ఉప్పు డబ్బా అన్నీ కొని తెచ్చి, నెల తర్వాత మళ్లీ వెళ్లి ఆ చేపల జంటనూ, చిన్న పగడపు ముక్కనూ తెచ్చుకున్నాను.

నేను బకెట్లో ఉప్పు కలుపుతుంటే మా అత్తమ్మ వచ్చి చూసింది. "నీళ్లల్ల ఉప్పేసినవ్, చేపలేస్తున్నవ్. ఇగ కారం, చింతపులుసు ఒక్కటే తక్కువ" అన్నది. అన్నదేగానీ, వారం తిరక్కముందే ఎవరూ చూడనప్పుడు వాటికి మేత చల్లేది ఆవిడే. నేను పొద్దున వేసేదాన్ని, సాయంత్రం వేసేదాన్ని. మధ్యలో ఎన్నిసార్లు పడేదో ఆ చేపలకే తెలియాలి.

ఇక నా తెలివితేటలు చూడండి. పొద్దుటి ఎండ పడితే నీళ్లు మెరుస్తాయని ట్యాంకును తూర్పు కిటికీ పక్కన పెట్టించాను. షాపతను ఆర్వో నీళ్లే వాడమన్నాడు. అన్ని క్యాన్లు ఎవరు మోస్తారని మా బోరునీళ్లలోనే ఉప్పు కలిపాను. సముద్రాన్ని మాత్రం ఎవరైనా క్యాన్లతో నింపారా అని నా లాజిక్. లోపల నీళ్లు తిప్పే పంపు ఉంటుంది కదా, దాని మీద అత్తమ్మ కంప్లైంట్. "గుర్రుమంటున్నది. సీరియల్ల వాళ్లు ఏడ్సేది ఇనవడ్తలేదు." సరేనని పంపును బాగా తగ్గించేశాను.

షాపతను ఇంకో మాట చెప్పాడు. ట్యాంకు కుదురుకున్నాక రాళ్ల మీద గులాబీ, ఊదా రంగులో ఒక పొర వస్తుందట, అది వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టేనట. ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఇసక మీద, రాళ్ల మీద ముదురు ఎర్రగా ముఖమల్ పరిచినట్టుంది. నా ఆనందం చెప్పలేను. ఫోటో తీసి స్టేటస్ పెట్టాను. సేమ్యా పాయసం చేసి పక్కింటికి కూడా పంపాను. ఆ ఫోటోనే అక్వేరియం వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి అభినందనల కోసం ఎదురుచూశాను. వరసగా నవ్వే బొమ్మలు వచ్చాయి. చివరికి ఒకాయన జాలిపడి రాశాడు. "మేడమ్, వేలితో రుద్ది చూడండి. రాయిని వదలకపోతే మంచిది. మీగడలా ఊడొస్తే అది సయనో."

రుద్దాను. మీగడలానే ఊడొచ్చింది. వాసన మాత్రం మీగడది కాదు.

సయనో అంటే సయనో బ్యాక్టీరియా. కొత్తగా ట్యాంకు పెట్టినవాళ్ల నెత్తికెక్కే ఎర్ర జిగురు. నేను అగ్రికల్చర్ చదివిన మనిషిని, ఆ పేరు వినగానే నాకేదో గుర్తు రావాలి. రాలేదు. ఎర్రగా ఉంది కదా మరి.

మా నాన్న ట్రాక్టర్లోంచి డీజిల్ తీసినట్టు పైపు నోట్లో పెట్టి, పీల్చి, దాన్నంతా బయటికి లాగాను. డీజిలే నయం. మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ పరుచుకుంది. మళ్లీ లాగాను, మళ్లీ వచ్చింది. ఈసారి పగడం మీదికీ పాకింది, ముడుచుకున్న పగడం మళ్లీ విచ్చుకోలేదు. చేపలు పైకొచ్చి నీటి అంచున నోళ్లు తెరుస్తున్నాయి.

మా ఆయన జూనియర్ కాలేజీ లెక్చరర్. కోప్పడే మనిషి కాదు, అదే బాధ. "ఆదివారం వరకు చూద్దాం. తగ్గకపోతే చేపలను షాపుకే ఇచ్చేద్దాం. ఇక్కడ చస్తే నువ్వు తట్టుకోలేవు" అన్నాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో అడుగు పెట్టగానే గాజు దగ్గరికి ఈదుకొచ్చే ప్రాణులవి.

ఆ గురువారం ఎల్లారెడ్డి రైతు వేదికలో శిక్షణ. చెప్పాల్సింది నేనే. యూరియా ఖర్చు తగ్గించుకోవడానికి వరి మడిలో చల్లే నీలి ఆకుపచ్చ నాచును తొట్టిలో పెంచడం. ఈ పాఠం ఎన్నో ఏళ్లుగా చెప్తున్నాను, నిద్రలో లేపినా చెప్తాను. ఏడీఏ సారు వెనక కుర్చీలో కూర్చున్నాడు. నేను మైకు పట్టుకున్నాను.

"ఏం లేదు, శాన సులువు. వెడల్పు తొట్టి పెట్టుకోవాలె. బోరునీళ్లు పొయ్యాలె. పొద్దుటి ఎండ మంచిగ తగలాలె. నాచుకు భాస్వరం అంటే పానం, అది జర ఎక్కువ పడాలె. ముఖ్యంగా నీళ్లు కదలొద్దు…"

అక్కడ ఆగిపోయాను. తొట్టి. బోరునీళ్లు. తూర్పు కిటికీ. భాస్వరమంటే చేపల మేత నిండా అదే, అత్తమ్మ దయవల్ల అదీ దండిగా పడుతోంది. కదలని నీళ్లు, సీరియల్ పుణ్యమా అని. సయనో బ్యాక్టీరియా అన్నా, నీలి ఆకుపచ్చ నాచు అన్నా ఒకటే వంశం. రంగు వేరు, ఉండే నీళ్లు వేరు. ఇన్నేళ్లు రైతులకు చెప్పిందంతా నేను ఇంట్లో ఒక్కటి కూడా తప్పకుండా చేశాను.

ఇంతలో ముందు వరసలోంచి సాయవ్వ లేచింది. లింగంపేట దగ్గరి రైతు, నా ప్రతి మీటింగుకూ వస్తుంది.

"బిడ్డా, ఏటేట గిదే జెప్తవ్. గీ నాచు ఎవలన్న పెంచంగ నువ్వు కండ్లార చూసినవా?"

"చూసిన అవ్వా" అన్నాను, ఇంకా ఆ షాక్‌లోనే. "మా ఇంట్లనే ఉన్నది. మస్తు పెరిగింది."

"ఏడ? పెరట్లనా?"

"హాల్ల."

అందరూ నవ్వారు. సారు మాత్రం నవ్వలేదు, లేచి నిలబడ్డాడు. "వెరీ గుడ్ అమ్మా. ఇట్ల ఆఫీసరే స్వయంగ చేసి చూపెడితెనే రైతులు నమ్ముతరు. ఆదివారం మేమందరం వచ్చి చూస్తం."

స్కూటీ మీద ఇంటికొస్తూ దారంతా లెక్కలేసుకున్నాను. ఆదివారానికి నాచు ఉంటే చేపలు పోతాయి. నాచు పోతే సారు ముందు, రైతుల ముందు పరువు పోతుంది. లింగంపేట దాటేసరికి తేలిపోయింది, పరువు మళ్లీ సంపాదించుకోవచ్చు.

పాఠం మొత్తం తిరగేసి చేయడమే వైద్యం. ఉన్న జిగురంతా లాగేశాం. ఆర్వో క్యాన్లు తెచ్చి నీళ్లు మార్చాం, మోసింది మా ఆయన. పంపును ఫుల్లుగా పెట్టాను. గ్రూపాయన చెప్పినట్టు లైటు ఆపి, ఆదివారం దాకా చుక్క వెలుతురు పడకుండా ట్యాంకంతా కప్పేయాలి. ఏం కప్పాలా అని వెతుకుతుంటే అత్తమ్మ తను కుట్టుకున్న బొంత తెచ్చి ఇచ్చింది. మేత కూడా మానాలంటే మొహం చిన్నబుచ్చుకుంది కానీ, ఒట్టు పెట్టించుకున్నాను. అప్పటి నుంచి ఆ బొంత పక్కనే ఆవిడ కుర్చీ. పంపు గుర్రుమంటుంటే ఒక్క మాట అనలేదు. పైగా మా ఆయన వార్తలు పెడితే, "టీవీ సప్పుడు తగ్గియ్ రా, పిల్లలు పండుకున్నయి" అన్నది.

ఆదివారం పొద్దున్నే సారు కారు దిగాడు. సాయవ్వ, మరో ముగ్గురు రైతులు వెనకే వచ్చారు. టీలిచ్చాను. అందరూ కప్పులతోనే బొంత చుట్టూ చేరారు. నా భయం సారు గురించి కాదు, చేపల గురించి. బొంత తీశాను.

నీళ్లు అద్దంలా ఉన్నాయి. రాళ్లు తెల్లగా తేలాయి, ఎరుపు జాడ లేదు. రాయి వెనక నుంచి పెద్దది బయటికొచ్చింది, దాని వెనక చిన్నది. రెండూ గాజు దగ్గరికొచ్చి నిలబడ్డాయి. మా ఆయన నా భుజం మీద చెయ్యేశాడు. నాకు కళ్లనిండా నీళ్లు.

"బాగుందమ్మా" అన్నాడు సారు, వంగి వెతుకుతూ. "నాచు ఏది?"

జరిగిందంతా చెప్పేశాను, పాయసంతో సహా. సారు టీ తాగుతూ వింటున్నాడు. సాయవ్వ అందుకుంది.

"మంచిగైంది బిడ్డా. మాకు మడినిండ పచ్చటి పాకురే, అదెట్ల పోతదని అడగనీకెనే నేను మీటింగులకు వస్తున్న. నువ్వేమో పెంచుడు జెప్తవ్. ఇయ్యాల్ల అసలు సంగతి దొరికింది." బొంతను చేత్తో తడిమి చూసింది. "గని, ఎకరం మడికి సరిపోయే బొంత ఏడ దొరుకుతది?"

సారు నోట్లో టీ చొక్కా మీద పడింది. అత్తమ్మ మాత్రం సీరియస్‌గా ఆలోచించి, "దొరకదు, కుట్టాలె. పాత చీరెలు శాన గావాలె" అన్నది.

చేపలు మా ఇంట్లోనే ఉన్నాయి. నా శిక్షణకు వచ్చిన రైతుల్లో మాత్రం ఒక్కరు కూడా ఇంతవరకు నాచు పెంచలేదు. నా మాట అక్షరాలా విని పండించింది నేనొక్కదాన్నే. "పంటైతే తీసినవ్, మరి మన హాలుకు పట్టా పాసుబుక్కు ఎప్పుడిస్తరు?" అని మా ఆయన రోజూ అడుగుతున్నాడు.