ఆగయ్య చదవని నాలుగు హద్దులు

పరదేశంలో ఎలా బతకాలో తెలుసుకోవాలంటే హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఆగయ్యనే అడగాలి. ఈ మాట ఊళ్లోవాళ్లు అన్నది కాదు, ఆగయ్యే అనుకున్నది. మస్కట్‌లో పందొమ్మిదేళ్లు ఏసీ మెకానిక్‌గా పనిచేసి, రెండు సూట్‌కేసులు, ఒక నడుంనొప్పి, లెక్కలేనన్ని సలహాలు వెంటబెట్టుకొని నాలుగేళ్ల కింద తిరిగొచ్చాడు. నడుంనొప్పి తనే ఉంచుకున్నాడు. సలహాలు మాత్రం ఇప్పటికీ పంచుతూనే ఉన్నాడు.

ఫ్లైఓవర్ దగ్గరి సందులో రెండు గదుల అద్దె ఇల్లు ఆయనది. ఫోన్‌లో ‘పరదేశి ముచ్చట్లు’ అని ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతాడు. ఆరు దేశాల్లో ఉన్న రెండు వందల పన్నెండు మంది మనవాళ్లు అందులో ఉన్నారు. గల్ఫ్‌లో శుక్రవారం సెలవు కాబట్టి, ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కోగానే మంచం మీద బాసింపట్టు వేసుకొని, గొంతు సవరించుకొని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంటాడు. వంటగదిలో గిన్నెలు కడుగుతున్న భార్య లీలమ్మకు చప్పుడు చెయ్యొద్దని సైగ చేస్తాడు. ఆమె ఇంకొంచెం గట్టిగా కడుగుతుంది.

"తమ్ముళ్లారా, ఇయ్యాలటి ముచ్చట హాబీలు. డ్యూటీ అయినంక మంచంల పడి ఫోన్ చూసుడు హాబీ కాదు, బీమారి. చేతులకు ఏదన్న పని పెట్టుర్రి. కుట్టుర్రి, వండుర్రి, చెట్టు పెట్టుర్రి. మనసు జర తేలికైతది."

ఇంత చెప్పే మనిషికి మస్కట్‌లో మొదటి తొమ్మిదేళ్లు ఉన్న హాబీ ఏమిటయ్యా అంటే, గోడకు ఆనుకొని కూర్చోవడం. ఒకసారి రూమ్‌లో కొత్తగా చేరినాయన "మరి నీ హాబీ ఏందన్నా?" అని అందరిముందూ నిలదీశాడు. పరువు పోతుందని "తోటపని" అనేశాడు ఆగయ్య. అనేశాక ఇక తప్పుతుందా? మర్నాడే పెయింటు డబ్బాకు మేకుతో చిల్లులు పొడిచి, మట్టి నింపి ధనియాలు చల్లాడు. కొత్తిమీర మొలిచిన రోజున రూమ్‌లో ఎనిమిది మంది వంతులవారీగా వంగి ఆ డబ్బాను వాసన చూశారు. అబద్ధానికి మొలిచిన కొత్తిమీరే గానీ పప్పులో బాగానే ఉంది.

"జ్వరమొస్తే ఇంటికి చెప్పుర్రి. దాసిపెడితే ఆడోళ్లు ఇంకింత పరేషాన్ అయితరు" అన్నది ఇంకో శుక్రవారపు సలహా. ఈ పెద్దమనిషే నిచ్చెన మీంచి పడి లేవలేకపోయినప్పుడు, ఫోన్ కెమెరా పాడైందని రెండు నెలలు లీలమ్మకు ముఖం చూపించలేదు. సూట్‌కేసులో పెట్టే పచ్చడి సీసా మూతకు టేపు చుట్టమన్న సలహా ఒక్కటే అచ్చంగా స్వానుభవం. ఆవకాయ నూనెలో ఆరు తెల్ల చొక్కాలు పోయాయి.

అయితే ఆగయ్యకు నిజంగా పేరు తెచ్చింది భూమి ముచ్చట.

"ప్లాటు కొంటే కాయిదంల నాలుగు దిక్కుల హద్దులు చదువుర్రి. ఒకపారి కాదు, రెండుపార్లు. బామ్మర్ది చదివిండంటే నమ్మకుర్రి. బ్రోకర్ చదివిండంటే అస్సలే నమ్మకుర్రి." ఈ వాయిస్ మెసేజ్ గ్రూపు దాటి ఎక్కడెక్కడికో పోయింది. ఎవరో తిరిగి ఆగయ్యకే పంపి "ఈ అన్న ఎవరో గాని మస్తు చెప్పిండు, ఇనుర్రి" అన్నారు. ఆ రోజు ఆగయ్య రెండు కప్పుల చాయ్ ఎక్కువ తాగాడు.

ఆగయ్య సొంత ప్లాటు జల్‌పల్లిలో ఉంది. నంబరు నలభై రెండు. పన్నెండేళ్ల కింద మస్కట్ నుంచే ఫోన్‌లో బేరం కుదుర్చుకున్నాడు. "తూర్పు ముఖం అన్నా, పక్కా వాస్తు" అని బ్రోకర్ అన్న ఒక్క ముక్క చెవిలో ఉండిపోయింది. పది రోజుల సెలవు మీద వచ్చి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో చూపించిన చోటల్లా సంతకం పెట్టి, కాగితాలకు పసుపూ కుంకుమా పెట్టించి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో దాచాడు. ఏటా దీపావళికి ఆ కవరు లక్ష్మీదేవి పటం ముందు కూర్చొని పూజ అందుకొని, మళ్లీ బీరువాలోకి వెళ్తుంది. అంత భక్తిగా చూసుకునే కాగితాన్ని విప్పి చదవాలని ఎవరికి తోస్తుంది?

ఆ సెలవులోనే ప్లాటు చూడ్డానికి వెళ్లాడు. ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే సన్నటి సందు. మొదట్నుంచి మూడో ప్లాటు తనది. కానీ సందుకు అటు ఒక మూడోది, ఇటు ఒక మూడోది ఎదురెదురుగా ఉన్నాయి. నంబరు రాళ్లు ఎవరో ఎత్తుకుపోయారు. పడమటి వైపున్న దాంట్లో ఇల్లు కడితే తలుపు తూర్పుకు తెరుచుకుంటుంది కాబట్టి అదే తనదని తేల్చేశాడు. నేల కూడా ఎత్తుగా, చక్కగా ఉంది. నాలుగు రాళ్లు పాతించి, కంచె వేయించి, చిన్న ఇనుప గేటు పెట్టించి విమానం ఎక్కాడు. ఎవరూ కాదనలేదు. కాదనడానికి ఆ చుట్టుపక్కల మేకలు తప్ప ఎవరూ లేరు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం లీలమ్మ ఆటోలో నీళ్ల క్యాన్లు వేసుకొని అక్కడికి పోయేది. ఆయన మస్కట్ నుంచి వీడియో కాల్‌లో చూపిస్తుంటే ఈమె గుంతలు తవ్వేది. జామ, సీతాఫలం, మునగ, గోడంత కరివేపాకు. ఇన్నేళ్ల కాపురంలో ఇద్దరూ కలిసి చేసిన పని ఏదన్నా ఉందంటే అదే. దసరా కాగానే ముగ్గు పోసి ఇల్లు మొదలుపెట్టాలని ఇద్దరూ అనుకున్నారు. ఏ గది ఎటుండాలో లీలమ్మ ఎప్పుడో తేల్చేసింది.

ఎదుటి ప్లాటు, యాభై ఏడో నంబరు, డానియేలుది. దోహాలో ఎలక్ట్రీషియన్. ఆగయ్య మాటంటే వేదవాక్కు అతనికి. ఎనిమిదేళ్ల కింద "నా ముంగటనే ఉన్నది, తీస్కో తమ్మీ" అని ఆగయ్య చెబితే తీసుకున్నాడు. వాన పడితే అందులో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. "మొరం పోయించు" అన్నాడు ఆగయ్య, ఆ ఎర్ర గులకమట్టితో నేల మెరకవుతుందని. పోయించాడు. అది దిగిపోయింది. "ఇంకింత పోయించు" అన్నాడు. అదీ దిగిపోయింది. ఈ ఏడు ఆగస్టు వానలకు డానియేలు చేతులెత్తేశాడు. గుంత ధరకు అడిగిన ఒకాయనకు అమ్మేస్తానన్నాడు. ఇక్కడే పక్క బస్తీలో ఉంటున్న అతని భార్య రూప సోమవారం అతని తరఫున సంతకం పెట్టాలి.

శుక్రవారం అన్నం తినేలోపే డానియేలు తన కాగితాల ఫొటోలు పంపాడు. "అన్నా, నువ్వే చెప్తవ్ గద, హద్దులు చదవాలె అని. జర చదివి ఓకే అను."

ఆగయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. ‘తూర్పు: ఇరవై అడుగుల రోడ్డు.’

ముందు టైపు చేసినవాణ్ని తిట్టాడు. డానియేలు గుంతకు రోడ్డు పడమర కదా ఉంది, ఈ గాడిద తూర్పు అని కొట్టాడేమిటి? వాడి తప్పు రుజువు చేద్దామని బీరువా తీసి తన కవరు బయటపెట్టాడు. పన్నెండేళ్ల టేపును బ్లేడుతో కోశాడు. పసుపు మరక కిందే ఉంది ఆ లైను. ‘పడమర: ఇరవై అడుగుల రోడ్డు.’

మళ్లీ చదివాడు. రెండుసార్లు చదవమని చెప్పింది తనే కదా.

మొరం మింగిన ఆ గుంత తనది. జామచెట్టున్న ఎత్తు నేల డానియేలుది. ఓరి ఆగయ్యా, ఆరు దేశాలకు దిక్కులు చూపించినవ్ గదరా! నవ్వొచ్చింది, ఆ వెంటనే లీలమ్మ పెంచిన చెట్లు గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది.

లీలమ్మను పిలిచి తన కాగితం, ఫోన్‌లో డానియేలు కాగితం రెండూ చూపించాడు. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకొని, నెమ్మదిగా చదివి, మంచం పట్టె మీద కూర్చుంది.

"డానియేలుకు ఎర్కనా?"

"లేదు."

"కొనేటాయనకు?"

"ఆయనగ్గూడ గా గుంతనే చూపిచ్చిర్రు."

"అయితే చెప్పకు."

ఆగయ్య కళ్లజోడు తీసి ఆమెను చూశాడు.

"నేను చెప్పద్దనే అంట," అంది లీలమ్మ. "పందొమ్మిదేండ్లు ఒక్కదాన్నే ఉన్న. ఎన్ని అద్దిండ్లు మారిన్నో నీకు లెక్క గూడ తెల్వది. గా చెట్లను చూసుకుంట బతికిన. ఇప్పుడు గుంతల ఇల్లు కట్టుకొమ్మంటవా? నువ్వు చదవకపోతే నేనేం చెయ్యాలె?"

ఆమె అన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఆమె లేచి వంటగదిలోకి వెళ్లింది. ఈసారి గిన్నెల చప్పుడు రాలేదు.

చెప్పకపోతే ఏమవుతుంది? డానియేలు గుంత అమ్మాననుకుంటాడు. కొన్నాయన గుంత కొన్నాననుకుంటాడు. దసరాకు ముగ్గు పడుతుంది. రేపెప్పుడన్నా ఆ కొన్నాయన కాగితం చదివితే? ఎందుకు చదువుతాడు, తను చదివాడా? ఇలా ఓ గంట ఆగయ్య తనకు తాను సలహాలిచ్చుకున్నాడు. ఇంత బాగా ఆయన ఎన్నడూ ఎవరికీ సలహా చెప్పలేదు. కానీ ఎత్తు నేలను గుంత ధరకు పోగొట్టుకోబోతున్న డానియేలు, నువ్వు చదివితే చాలన్నా అని కూర్చొని ఉన్నాడక్కడ. ఆ నమ్మకం తలుచుకుంటే ఆగయ్యకు సిగ్గుతో చెవులు కాలాయి.

డానియేలు ఒక్కడికే చెబుదామనుకున్నాడు. ఒక్కడికే చెబితే తప్పంతా బ్రోకర్ మీదికి నెట్టేస్తానని తన సంగతి తనకు తెలుసు. గ్రూపులోనే మైక్ నొక్కాడు. మొదటిసారి "తమ్ముళ్లారా, ఇయ్యాలటి ముచ్చట హద్దులు" అని పాత ఊపులో మొదలైపోయింది. చెరిపేశాడు. రెండోసారి దగ్గొచ్చింది. ఐదోసారికి కుదిరింది.

"తమ్ముళ్లారా, హద్దులు చదవనోడు ఎట్లుంటడో ఎర్కనా? నా లెక్క ఉంటడు. పన్నెండేండ్లు నా కాయిదం నేను చదవలే. నాది అనుకున్న ప్లాటు డానియేలుది. డానియేలుది అన్న గుంత నాది. తమ్మీ, సంతకం పెట్టియ్యకు. రూపకు ఫోన్ చెయ్. ఇగ మీరందరు గూడ మీ మీ కాయిదాలు తీసి చూసుకోర్రి. నా మాట మీద కాదు, మీ కండ్లతోని."

గ్రూపులో పదకొండు మంది అప్పటికప్పుడే బయటికి పోయారు. నలభై మంది దండాలు పెట్టారు. బహ్రెయిన్ నుంచి ఒకాయన "అన్నా, నాది గూడ గడ్‌బడ్ ఉన్నట్టుంది" అని రాశాడు.

డానియేలు ఫోన్ చేశాడు.

"అన్నా, అయితే నేను మొరం పోసింది..."

"నా గుంతల."

"లీలక్క నీళ్లు పోసింది..."

"నీ చెట్లకు."

దోహాలో డానియేలు పకపకా నవ్వాడు. నవ్వీ నవ్వీ ఉన్నట్టుండి ఆగిపోయాడు. "రూపను మస్తు తిట్టినన్నా. దాసుకున్న పైసలు పెట్టి కొందామన్నది తనే. ఎనిమిదేండ్ల సంది గుంత కొనిపిచ్చినవని దెప్పుతనే ఉన్న."

"మాఫ్ చెయ్ తమ్మీ."

"మరి నీ ఇల్లెట్లన్నా?"

"నా ఫికర్ చెయ్యకు" అన్నాడు ఆగయ్య, శుక్రవారం గొంతుతో. ఫోన్ పెట్టేసి, తువ్వాలు మొహాన కప్పుకొని ఏడ్చాడు.

రెండు రోజులు లీలమ్మ మాట్లాడలేదు. పళ్లెంలో అన్నం పెట్టింది, నీళ్లు పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు. ఆదివారం పొద్దున ఆమే ఆటో పిలిచింది. రూప అప్పటికే జల్‌పల్లి చేరి గేటు ముందు నిలబడి ఉంది. లీలమ్మ కొంగుముడి విప్పి గేటు తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది.

"ఇది మీరే ఉంచుకోర్రి అక్కా, నాకు చెట్ల సంగతి ఏం తెల్వది" అంది రూప, ఏమనాలో తోచక.

"తెలుసుకో," అంది లీలమ్మ. "జామకు ఎండకాలంల దినాం నీళ్లు పొయ్యాలె. మునగ కొమ్మ మీద ఎవ్వల్ని ఎక్కనియ్యకు, పుటుక్కున ఇరుగుతది. సీతాఫలం పోయినేడే కాసింది. కరివేపాకు..." అక్కడ ఆగిపోయింది. రూప ఆమె చెయ్యి పట్టుకుంది. లీలమ్మ కాసేపు పట్టుకోనిచ్చి, చెయ్యి విడిపించుకుంది.

ఆగయ్య వాళ్ల ముందు నిలబడలేక సందు దాటి తన ప్లాటులోకి దిగాడు. సొంత నేల మీద కాలు పెట్టడం అదే మొదటిసారి. ప్యాంటు మడుచుకున్నా తడిసింది. నీళ్లలో పాలిథిన్ కవర్లు, ఒక పాత చెప్పు తేలుతున్నాయి. కాలి కింద ఏదో మెత్తగా దిగింది, డానియేలు మొరమే అయ్యుంటుంది. వెనక నీళ్లు కదిలిన చప్పుడైతే తిరిగి చూశాడు.

లీలమ్మ చెప్పులు ఒక చేత్తో, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకొని నీళ్లలోకి దిగుతోంది. పడుతుందేమోనని ఆగయ్య చెయ్యి చాపాడు. ఆమె పట్టుకోలేదు. తనంతట తనే వచ్చి పక్కన నిలబడి, నాలుగు మూలలూ తేరిపార చూసింది. చెప్పులు ఆయన చేతికిచ్చి, ఖాళీ అయిన చెయ్యి తన నడుం దగ్గర అడ్డంగా పెట్టింది.

"గింత ఎత్తు లేపాలె బేస్‌మెంటు," అంది.

ఆగయ్య దగ్గర ఒక్క సలహా కూడా లేదు. సరేనన్నాడు.