ఉప్పు పలకలు

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. ఇందులోనూ పెంచుతాను. ఈ ఉదయం ముసురుకి డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లి వేళ్ళకు అంటుకుంది. అంతే, మెదక్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబూ, మా లెక్చరర్ దేవదానం సారూ కళ్ళ ముందు తేలారు.

నేనప్పుడు కొత్తగా చేరిన డిమాన్‌స్ట్రేటర్‌ని. పసుప్పచ్చని ఒక ఇనుప లవణాన్ని వేడి చేస్తే ఏయే వాయువులు పుడతాయో తేల్చాలని సార్ తపన. ఆ వాయువును హైదరాబాదు తీసుకుపోయి, గొట్టంలో నింపి, పరారుణ కిరణాల యంత్రంలో పెట్టాలి. అక్కడ ఒక్క రోజు వరుస కోసం ఆయన ఏడాదిగా ఉత్తరాలు రాస్తున్నారు. నా లెక్కలో పన్నెండేళ్ళు.

"కంటికి కానరాని వెలుగయ్యా అది," అనేవారు, కిటికీలోంచి చర్చి గోపురం వైపు చూస్తూ. "ఒక్కో వాయువు తనకు నచ్చిన కిరణాన్నే తాగుతది. తాగిన కాడ కాగితం మీద గీత కిందికి దిగుతది. గంతే, పేరు చెప్పినట్టే." వింటుంటే ల్యాబు గాలిలో ఎవరెవరో దాహంతో తిరుగుతున్నట్టుండేది.

ప్రయాణానికి ముందురోజు గొట్టం దుమ్ముగా కనిపించింది. భక్తితో కుళాయి కింద కడిగాను. దాని రెండు కొసలకూ బిగించినవి గాజు బిళ్ళలనుకున్నాను. గాజు ఆ కిరణాలను మింగేస్తుందని, అందుకే ఉప్పు పలకలు పెడతారని నాకేం తెలుసు? తుడిచి చూస్తే మీగడలా తెల్లబడ్డాయి. భయంతో గుడ్డలో చుట్టేశాను.

బస్సు నర్సాపూర్ దాటేసరికి నాకు గడ్డం నెరిసింది. వాయువు పట్టిన బుడ్డి సార్ ఒళ్ళో, గొట్టం నా ఒళ్ళో. "జర పైలం," అని ఆయన కునుకు తీశారు, నిద్రలోనూ నవ్వుతూనే ఉన్నారు.

యంత్రం దగ్గరి మనిషి గుడ్డ విప్పాడు. "ఇదేంది సార్? ఉప్పు పలకలను నీళ్ళల్ల కడిగిండ్రా? వెలుగు ఎట్ల దూరుతది?"

నేను ముందుకొచ్చి, "నేనే కడిగిన సార్. తెల్వక చేసిన," అన్నాను.

సార్ నా భుజం తట్టారు. "ఒప్పుకున్నవు గదా, చాలు."

వేరే పలకలు లేవు. వరుస పోయింది. మళ్ళీ వచ్చేదాకా ఏడాదంతా ఆయన నాకు ఉప్పు పలకలు పొడిగా మెరుగుపెట్టడం నేర్పారు. "ఊపిరి బిగబట్టు. అదీ తడేనయ్యా," అనేవారు. రెండోసారి గీత, సార్ ముందే ఊహించిన రెండు వాయువుల చోట్లా దిగింది.

ఇక నేను కల్పించిందేమిటో చెప్పాలి. మిగతాదంతా మీరే తగ్గించి చదువుకోండి. పచ్చి అబద్ధం ఒక్కటే. ఆ రోజు నేను నోరు విప్పలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను. సార్ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి, నా వైపు ఒక్కసారి చూసి, "నేనే కడిగిన. ఉప్పని యాదికి లేకపాయె," అన్నారు. తిరుగు బస్సులో ఆయన నన్నేమీ అడగలేదు. తర్వాతా అడగలేదు. ఆయన పోయేదాకా నేనూ చెప్పలేదు. ఈ కథ ఎంతోమందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ముందుకొచ్చింది నేనే.